పంజరంలోది లెక్కకు రాదు

*చేతిలో బొమ్మల పుస్తకం, జేబులో పెన్సిలు ముక్క. పిట్టల్ని లెక్కపెట్టే పిల్లలు పెద్దల సైన్సుకు ఏమిస్తున్నారు? మన తెలుగు పిల్లలకు మనమేం బాకీ ఉన్నాం?*

నిరుడు దసరా సాయంత్రం. జమ్మిచెట్టు దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం. ఒకరి చేతిలో ఒకరు జమ్మాకు పెట్టి అలయ్ బలయ్ చెప్పుకుంటున్నారు. ఆ సందట్లో ఓ మూల నుంచి ‘పాలపిట్ట... పాలపిట్ట’ అని కేక వినిపించింది. చిన్న ఇనప జాలీ పంజరం, దానిమీద కప్పిన పాత తువ్వాల. డబ్బులిస్తే తువ్వాల ఎత్తి చూపిస్తాడు. పండగనాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని మా నాయనమ్మ చెప్పేది. జేబులోంచి ఇరవై రూపాయల నోటు తీసిచ్చాను.

తువ్వాల లేచింది. కాలికి దారం కట్టిన గోధుమరంగు ముద్ద ఒకటి మూలకు ఒదిగి కూర్చుంది. పాలపిట్ట అందమంతా ఎగిరినప్పుడే. రెక్క విప్పితేగాని ఆ నీలం పూర్తిగా బయటపడదు. విప్పడానికి పంజరంలో చోటు లేదు. చుట్టూ ఉన్నవాళ్లు దణ్ణం పెట్టుకుంటున్నారు. నా వేలు పట్టుకున్న మా అన్నయ్య కూతురు మాత్రం పెట్టలేదు. రెండో తరగతి పిల్ల.

‘‘బాబాయ్, దీన్ని లెక్కలో రాసుకోకూడదు కదా?’’ అంది.

‘‘ఏ లెక్కలో?’’

‘‘పిట్టల లెక్కలో. పంజరంలో ఉన్నవి రాయొద్దని టీచర్ చెప్పారు.’’

ఇంటికొచ్చాక స్కూలు సంచిలోంచి ఓ బొమ్మల పుస్తకం తీసి నా ఒళ్లో పడేసింది. దాంతోపాటు నలిగిన నోటుపుస్తకం. కాకి పక్కన నాలుగు నిలువు గీతలు, వాటిమీద ఓ అడ్డగీత. గోరింక పక్కన రెండు గీతలు. ఈ కథనం అక్కడ మొదలైంది.

అవా అనే పిల్ల, ఆమె గీతలు

ఆ పుస్తకం పేరు ‘బర్డ్ కౌంట్’. సూసన్ ఎడ్వర్డ్స్ రిచ్‌మండ్ రాయగా స్టెఫానీ ఫైజర్ కోల్‌మన్ బొమ్మలు వేశారు. 2019లో అమెరికాలో అచ్చయింది. కథ చాలా చిన్నది. మంచు కురిసే చలికాలం పొద్దున అవా అనే పాప అమ్మతో కలిసి పిట్టల లెక్కకు బయల్దేరుతుంది. ఈసారి లెక్క రాసే పని ఆమెదే. రాక్షసులు లేరు, రాకుమారులు లేరు. పిట్ట కనిపిస్తుంది, అవా గీత గీస్తుంది. కథ నడుస్తున్నకొద్దీ పేజీ అంచున ఆ గీతలు పెరుగుతూ పోతాయి. చదివే పిల్లలూ వాటిని వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్తారు.

అందులో ఓ నియమం నాకు భలే నచ్చింది. పిట్టను ఒక్కరే చూస్తే చాలదు, జట్టులో కనీసం ఇద్దరు చూడాలి లేదా వినాలి. అప్పుడే గీత. సాక్ష్యం లేని మాట చెల్లదని ఏడేళ్ల పిల్లకు ఇంత తేలిగ్గా చెప్పిన పాఠ్యపుస్తకాన్ని నేను చూడలేదు.

అదే ఏడాది వచ్చిన మరో పుస్తకం ‘రూబీస్ బర్డ్స్’. మియా థాంప్సన్ రచన. న్యూయార్క్ నగరంలో రూబీ అనే పిల్ల సెంట్రల్ పార్కులో చెట్ల మధ్య పిట్టల్ని వెతకడం నేర్చుకుంటుంది. దాన్ని ప్రచురించింది పక్షుల అధ్యయనానికి పేరుమోసిన కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షి ప్రయోగశాల వాళ్లే. పరిశోధన పత్రాలు రాసేవాళ్లు పిల్లల బొమ్మల పుస్తకాల జోలికి ఎందుకొచ్చారు? వాళ్ల లెక్కలన్నీ మామూలు జనం రాసి పంపే గీతల మీదే ఆధారపడ్డాయి మరి. రేపు ఆ గీతలు గీయాల్సింది ఈ పిల్లలే.

టోపీల మీద పిట్టలు

అవా వెళ్లిన క్రిస్మస్ పిట్టల లెక్క పుట్టుక వెనక నెత్తుటి చరిత్ర ఉంది. 19వ శతాబ్దం చివర అమెరికాలో ఆడవాళ్ల టోపీలకు ఈకలే సింగారం. కొన్ని టోపీల మీద ఏకంగా పిట్టనే కుట్టేవారు. 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే యువకుడు రెండు మధ్యాహ్నాలు న్యూయార్క్ వీధుల్లో నడిచి, ఎదురైన టోపీల మీద పిట్టల్ని లెక్కపెట్టాడు. 700 టోపీల్లో 542 ఈకలతోనే ఉన్నాయి. వాటిలో 40 జాతుల్ని ఆయన గుర్తుపట్టాడు. చచ్చిన పిట్టల్ని అలా లెక్కపెట్టిన మనిషే తర్వాత బతికున్న పిట్టల లెక్కకు నాంది పలికాడు.

ఆ రోజుల్లో క్రిస్మస్ నాడు జట్లుగా విడిపోయి, ఏ జట్టు ఎక్కువ ప్రాణుల్ని కాల్చి కుప్పపోస్తే ఆ జట్టు గెలిచినట్టని పందేలు వేసుకునేవారు. ‘ఈసారి తుపాకులు ఇంట్లో పెట్టి రండి, చంపకుండా లెక్కపెడదాం’ అని చాప్‌మన్ తన పత్రికలో పిలుపునిచ్చాడు. 1900 డిసెంబరు 25న 27 మంది కదిలారు. కెనడాలోని టొరంటో నుంచి కాలిఫోర్నియా దాకా 25 చోట్ల లెక్క సాగింది. తేలినవి సుమారు 90 జాతులు, 18,500 పక్షులు. ఆ లెక్క నేటికీ ఏటా జరుగుతూనే ఉంది.

ఒక తరం గీసిన గీతలు ఇంకో తరానికి ఎలా పనికొస్తాయో 2019లో తెలిసింది. ఉత్తర అమెరికాలో 1970 నుంచి దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని ‘సైన్స్’ పత్రికలో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంత పెద్ద లెక్క తేలడానికి జీతం లేకుండా పిట్టల్ని చూసిన వేలమంది దశాబ్దాలపాటు రాసిపెట్టిన చిట్టాలే ఆధారం.

నాన్న వెంట వెన్నెల్లో...

చాప్‌మన్ కథను పిల్లల కోసం ‘కౌంటింగ్ బర్డ్స్’ పేరుతో 2018లో పుస్తకంగా రాసిన రచయిత్రి హైడీ స్టెంపుల్. ఈమెది మరీ ముచ్చటైన కథ.

1987లో ‘ఔల్ మూన్’ అనే బొమ్మల పుస్తకం వచ్చింది. చలికాలం రాత్రి, వెన్నెల, మంచు. ఓ తండ్రి, చిన్నపిల్ల గుడ్లగూబను వెతుక్కుంటూ అడవిలోకి నడుస్తారు. మాట్లాడకూడదు. చలేసినా కిక్కురుమనకూడదు. తండ్రి గుడ్లగూబలా కూత వేస్తాడు, జవాబు కోసం ఆగుతాడు. అంతే కథ. జేన్ యోలెన్ రాసిన ఆ పుస్తకానికి బొమ్మలు వేసిన జాన్ షోన్‌హెర్‌కు మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే పెద్ద పురస్కారం కాల్డెకాట్ పతకం దక్కింది.

ఆ తండ్రి రచయిత్రి భర్త డేవిడ్ స్టెంపుల్. ఆ చిన్నపిల్లకు మూలం వాళ్ల కూతురు హైడీ. నాన్న చెయ్యి పట్టుకుని మంచులో నడిచిన పిల్ల పెద్దదై, అదే మసాచుసెట్స్ ప్రాంతంలో ఏటా క్రిస్మస్ లెక్కలో గుడ్లగూబల్ని లెక్కించే జట్టును నడిపిస్తోంది. ఆ లెక్క ఎలా మొదలైందో తర్వాతి పిల్లలకు పుస్తకం రాసిచ్చింది. అమ్మ పుస్తకంలోని పాప చేతిలోంచి ఇంకో పుస్తకం వచ్చిందన్నమాట.

> బాక్సు 1: పదిహేను నిమిషాల పని
>
> ● ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైంది. 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది.
>
> ● ఒకచోట కనీసం 15 నిమిషాలు నిలబడాలి. పెరడు, మేడ, బడి ఆవరణ, చెరువు గట్టు ఏదైనా సరే.
>
> ● చూసిన, విన్న పిట్టలన్నీ రాయాలి. ‘కాకే కదా’ అని వదిలేయకూడదు.
>
> ● ఒక్కో జాతివి ఎన్ని కనిపించాయో అంకె వేయాలి.
>
> ● పెంపుడు పక్షులు, పంజరంలోవి లెక్కకు రావు.
>
> ● చిట్టాను ‘ఈబర్డ్’ వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. అనుమానంగా ఉన్న నమోదుల్ని అనుభవజ్ఞులు సరిచూస్తారు. కాబట్టి తప్పు రాస్తామేమోనన్న భయం అక్కర్లేదు.

ఎయిర్‌గన్ పట్టుకున్న కుర్రాడు

మన దేశంలోనూ ఓ పక్షుల కథ పిల్లాడితోనే మొదలైంది. బొంబాయిలో పదేళ్ల కుర్రాడు ఎయిర్‌గన్‌తో ఓ పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇదేం పిట్ట అని మేనమామను అడిగితే ఆయనకూ తెలియలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించాడు. అక్కడి కార్యదర్శి మిలార్డ్ ‘తర్వాత రా’ అనలేదు. సొరుగులు తెరిచి వందల పక్షుల నమూనాలు చూపించాడు, చదవమని పుస్తకాలిచ్చాడు. ఆ కుర్రాడే సలీం అలీ. 1931లో హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వేకు వచ్చి మన అడవులు, గుట్టలు తిరిగిందీ ఆయనే. 1941లో వచ్చిన ఆయన ‘ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ ఈ దేశంలో ఎన్నో తరాల చేత పిట్టలవైపు తల ఎత్తించింది.

ఆయన్ని పిల్లల కళ్లతో చూపిన బొమ్మల పుస్తకం ‘సలీం మామూ అండ్ మీ’. రాసింది వాళ్ల కుటుంబంలోని జై విటేకర్, ప్రచురించింది చెన్నైలోని తులిక. ఇంటిల్లిపాదికీ పిట్టలు కొట్టినపిండి. మధ్యలో ఏ పిట్ట ఏదో తేల్చుకోలేక తికమకపడే చిన్న జై. పెద్ద శాస్త్రవేత్త ఇంట్లో పుట్టిన పిల్లే తడబడుతుంటే, చదివే పిల్లకు ‘నేనూ తప్పు చెప్పొచ్చు’ అన్న ధైర్యం వస్తుంది.

అందరూ మరిచిన పేరు ఇంకొకటుంది. బిహార్‌లో పుట్టి రాంచీలో స్థిరపడిన జమాల్ ఆరా. చదువు పదో తరగతితో ఆగింది. అడవుల్లో తిరిగి, తనంతట తాను నేర్చుకుని, బాంబే సొసైటీ పత్రికకు దశాబ్దాలపాటు వ్యాసాలు రాసింది. 1970లో నేషనల్ బుక్ ట్రస్ట్ ‘నెహ్రూ బాల పుస్తకాలయం’ వరుసలో ఆమె ‘వాచింగ్ బర్డ్స్’ వచ్చింది. డిగ్రీ లేని మనిషి పిల్లలకు పక్షిశాస్త్రం చెప్పింది. పౌరుల విజ్ఞానమంటే అదే. ‘సిటిజన్ సైన్స్’ అన్న మాట మన చెవిన పడకముందే ఆమె ఆ పని చేసి చూపించింది.

లెక్క చెప్పిన నిజాలు

పిల్లలు, గృహిణులు, రిటైరైన మేస్టార్లు గీసిన ఈ గీతలన్నీ ఎక్కడికి పోతాయి? ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2023 నివేదిక చూస్తే జవాబు దొరుకుతుంది. సుమారు 30 వేలమంది పంపిన 3 కోట్లకు పైగా నమోదుల్ని జల్లెడపట్టి 942 జాతుల పరిస్థితిని అందులో అంచనా వేశారు. దీర్ఘకాలపు లెక్క తేలిన 338 జాతుల్లో 204 తగ్గిపోయాయి. నిలకడగా ఉన్నవి 98. పెరిగినవి 36 మాత్రమే. నెమలి, కోయిల, కాకి, పావురం లాంటివి బాగానే ఉన్నాయి.

తగ్గిన జాబితాలో మన పాలపిట్ట ఉంది. తెలంగాణ రాష్ట్ర పక్షి. పొలాల్లో, కరెంటు తీగల మీద నిన్నమొన్నటిదాకా కనిపించిన ఈ పిట్టకు ముప్పు ఏ స్థాయిలో ఉందో అంతర్జాతీయంగా తిరిగి పరిశీలించాలని సూచించిన 14 జాతుల్లో అదీ ఒకటి. ఒకే పిట్టకు పండగనాడు దణ్ణం పెడతాం, ఆ దణ్ణం కోసమే వల పన్ని పట్టిస్తాం. పట్టడం, బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా ఏటా తువ్వాల లేస్తూనే ఉంటుంది, ఎందుకంటే నాలాంటివాళ్లు ఏటా నోటు ఇస్తూనే ఉంటారు.

> బాక్సు 2: పిచ్చుక నిజంగా పోయిందా?
>
> ‘సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు అంతరించాయి’ అన్న మాట ఊరూరా వింటాం. జనం పంపిన లెక్కలు వేరే సంగతి చెప్పాయి. 2020 నాటి నివేదిక ప్రకారం దేశం మొత్తంమీద పాతికేళ్లుగా పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది పెద్ద నగరాల్లో. టవర్లే కారణమనడానికి గట్టి ఆధారాలు లేవు. గూడు పెట్టుకునే సందులు, పిల్లలకు పెట్టే పురుగులు నగరాల్లో కరవయ్యాయన్నది ఎక్కువమంది అనుమానం. మన వీధిలో లేనంత మాత్రాన దేశంలో లేదనుకోకూడదు. లెక్క ఉంటేనే ఆ తేడా తెలుస్తుంది.

మన పేర్లు ఎక్కడికెగిరిపోయాయి?

మా అన్నయ్య కూతురి నోటుపుస్తకంలో ‘క్రో’, ‘మైనా’, ‘డ్రాంగో’ అని ఉన్నాయి. డ్రాంగోను తెలుగులో ఏమంటారని అడిగింది. వెంటనే నోరు పెగల్లేదు. ఊళ్లో మా పెద్దనాన్నకు ఫోన్ చేశాను.

‘‘అదేందిరా, పసుల పోలిగాడు! బర్రెమీద ఎక్కి తోక ఊపుకుంట కూసుంటడు సూడు’’ అన్నాడాయన.

పిల్ల పకపకా నవ్వింది. ఆ పేరు ఇక జన్మలో మరిచిపోదు. బొమ్మ, అలవాటు, చోటు అన్నీ పేరులోనే ఉన్నాయి. పశువులు గడ్డి కదిపితే లేచే పురుగుల కోసమే ఆ పిట్ట వాటి వీపెక్కుతుంది. ఓ పేజీ సైన్సు పాఠాన్ని మనవాళ్లు రెండు మాటల్లో కట్టిపెట్టారు.

ఈ పేర్లకు విలువ తెలిసిన పరాయివాడు ఒకడున్నాడు. ఈస్టిండియా కంపెనీ డాక్టర్‌గా నెల్లూరులో పనిచేసిన థామస్ జెర్డాన్. 1862-64 మధ్య వచ్చిన ఆయన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో ఇంగ్లిషు పేర్ల పక్కన తెలుగు పేర్లనూ అచ్చువేశాడు. 160 ఏళ్ల కిందట అచ్చులోకెక్కిన పేర్లు ఇవాళ మన పిల్లల నోట్లో లేవు.

జెర్డాన్ పేరు చెప్తే కలివికోడిని తలవకుండా ఉండలేం. 1848లో ఆయన లోకానికి పరిచయం చేసిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1980ల్లో బాంబే సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ కడప ప్రాంతంలో పల్లెపల్లెకూ తిరిగి బొమ్మ చూపించి ఆరా తీశారు. ఐతన్న అనే స్థానిక వేటగాడు ‘నాకు తెలుసు’ అన్నాడు. 1986 జనవరిలో ఓ రాత్రి రెడ్డిపల్లె దగ్గర దాన్ని పట్టి చూపించాడు కూడా. 86 ఏళ్ల మౌనం అలా వీడింది. ఆ పక్షి కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి సైతం మారింది. ఓ పల్లె వేటగాడికి తెలిసిన సంగతి దేశంలోని పక్షిశాస్త్రమంతటికీ తెలియకపోయింది. ఆ వేటగాణ్నీ శాస్త్రవేత్తనూ కలిపింది ఓ బొమ్మ.

> బాక్సు 3: పేరులోనే పాఠం
>
> పసుల పోలిగాడు: పశువుల వెంట తిరిగే నల్లపిట్ట. తోక చివర రెండుగా చీలి ఉంటుంది.
>
> నత్తగుల్ల కొంగ: నత్తలు తినే కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు మిగులుతుంది.
>
> వడ్రంగి పిట్ట: ముక్కే ఉలిగా మానుకు తొర్ర చేస్తుంది.
>
> గూడబాతు: ముక్కు కింద చేపలు పట్టే సంచీ. పొలానికి నీళ్లు తోడే గూడను చూసినవాళ్లకు పేరు విప్పి చెప్పక్కర్లేదు.
>
> గిజిగాడు: గడ్డిపోచలతో వేలాడే గూడు అల్లే నేతగాడు.

తెలుగులో అవా ఎప్పుడు పుడుతుంది?

పరిస్థితి మరీ నిరాశగా ఏం లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు తెలుగులోనూ పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. 2015లో వాళ్లు మొదలుపెట్టిన ‘స్టోరీవీవర్’లో తెలుగు కథల్ని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ ఏళ్లుగా తక్కువ ధరకు పిల్లల పుస్తకాలు అందిస్తోంది. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ల ‘ఎర్లీ బర్డ్’ బృందం పిల్లల కోసం పక్షుల పోస్టర్లు, జేబులో పట్టే గైడ్లు పలు భారతీయ భాషల్లో తయారుచేస్తోంది.

అయినా ఒక ఖాళీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మన పిల్లల పుస్తకాల్లో చిలుక జోస్యం చెప్తుంది, కాకి రొట్టెముక్క జారవిడుస్తుంది, కొంగ ఎండ్రకాయ చేతిలో చస్తుంది. అవన్నీ మంచి కథలే, కాకపోతే ఆ పిట్టలు పిట్టల వేషం వేసుకున్న మనుషులు. పిట్ట పిట్టలాగే ఉండే కథలు, ఏం తింటుందో, ఎక్కడ గూడు పెడుతుందో, మన ఊరికి ఏ నెలలో వస్తుందో చెప్పే తెలుగు కథలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మనకు కావల్సింది అనువాదమైన అవా మాత్రమే కాదు. మంచు, క్రిస్మస్ మన పిల్లకు దూరపు ముచ్చట్లు. ఉప్పలపాడు చెరువులో చెట్టునిండా విరగపూసినట్టు కూర్చున్న ఎర్రకాళ్ల కొంగల్ని లెక్కపెట్టే గుంటూరు పిల్ల కావాలి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కొంగలొచ్చాయంటే వానలకు కొదవుండదని నమ్మే తాత కావాలి. ఆ తాత ‘సైబీరియా నుంచి వచ్చాయమ్మా’ అంటే, ‘కాదు తాతా, ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు మన దేశం పక్షులే’ అని దిద్దే మనవరాలూ కావాలి.

ఫోన్లో పిట్ట కూత వినిపిస్తే పేరు చెప్పే ‘మెర్లిన్’ యాప్ ఉండగా పుస్తకం దేనికని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. యాప్ పేరు చెప్తుంది, నిజమే. కానీ చెట్టుకింద పదిహేను నిమిషాలు కదలకుండా నిలబడాలన్న కోరికను పిల్లలో పుట్టించేది మాత్రం కథే. ‘ఔల్ మూన్’లో చలేసినా మాట్లాడకుండా నడిచిన ఆ చిన్నపిల్ల తెలిసిన పిల్ల, మన చెరువు గట్టున దోమలు కుడుతున్నా నిలబడుతుంది. బైనాక్యులర్లు కొనలేని ఇంట్లోనూ అరువు తెచ్చిన ఓ పుస్తకం ఆ పని చేయగలదు.

ఈ దసరాకి...

మొన్న ఫిబ్రవరి లెక్కలో మా పిల్ల మేడ మీద నిలబడి రాసిన చిట్టా నా దగ్గరుంది. కాకి 9, పావురం 14, గోరింక 4, పసుల పోలిగాడు 1. ‘డ్రాంగో’ అన్నది కొట్టేసి పైన తెలుగులో రాసుకుంది. పాలపిట్ట లేదు. మరుసటి ఆదివారం మా అన్నయ్య స్కూటరు మీద ఊరి బయటికి తీసుకెళ్లాడు. జొన్నచేను పక్కన కరెంటు తీగ మీద కూర్చున్నదాన్ని ముందు పిల్లే చూసింది. నాన్న చూసేదాకా రాయలేదట, ఇద్దరు చూడాలి కదా. అది తీగ వదిలి చేను మీదికి వాలినప్పుడు రెక్కల నీలం చూసి తండ్రీకూతుళ్లిద్దరూ కాసేపు మాట్లాడలేదని మా అన్నయ్య చెప్పాడు. దర్శనానికి అయిన ఖర్చు అర లీటరు పెట్రోలు.

ఈ దసరాకి మీరూ ఊరి బయటికి వెళ్లండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వెంట తీసుకెళ్లండి, పెన్సిలు, కాగితం వాళ్ల చేతికివ్వండి. జమ్మిచెట్టు దగ్గర తువ్వాల కప్పిన పంజరం కనిపిస్తే జేబులో చెయ్యి పెట్టొద్దు. అటవీ శాఖకు ఫోన్ చేయండి. పంజరంలోది లెక్కకు రాదు.